సగం ధరకు కొన్న రాగి పెనం

మనిషిని వద్దని, ఆ మనిషి చేతిలోని పెనాన్ని మాత్రం కొనుక్కొచ్చిన మొనగాణ్ణి నేను. అదీ సగం ధరకి. కొండ దిగొచ్చే బస్సుల్లో గుడ్డలో చుట్టిన ఆ రాగి పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని, సేలం దగ్గర్నుంచి పాండిచ్చేరి చేరేదాకా దాని అంచు నిమురుతూనే కూచున్నాను. పక్క సీటువాడు లోపల పసిబిడ్డ ఉందనుకుని కాళ్ళు ముడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళు హోటల్ లైన్లో సరుకులు కొన్నాను గానీ, అంత చవకగా ఇంకేదీ కొన్న గుర్తు లేదు. అంత తెలివితక్కువగా కూడా.

ఇప్పుడు హోటల్ చదువులు చదువుకుని ఈ లైన్లోకి వచ్చే పిల్లలకు కోటు వేసుకోవడం, కంప్యూటర్లో స్టాకు చూసుకోవడం అన్నీ నేర్పిస్తున్నారు. మంచిదే. నాకు నేర్పినవాళ్ళు ధర ఒక్కటే చూడమన్నారు. నేను ఇంకేదీ చూడలేదు. ఆ కథ ఇది.

మాది బజారు కుటుంబం. పాండిచ్చేరి పెద్ద మార్కెట్ పక్క సందులో మా నాయనకు పప్పు, బెల్లం, నూనెల కొట్టు. ఎన్ని తరాల కింద ఇక్కడికి వచ్చామో మాకే తెలియని తెలుగువాళ్ళం. బడిలో తమిళం, మీద కొంచెం ఫ్రెంచి. తెలుగు ఇంట్లో నోటికే పరిమితం, అక్షరం ముక్క రాదు. అయితే కొట్టులో మాత్రం ఆ తెలుగుకి పెద్ద ఉద్యోగమే ఉండేది. ఎదురుగా ఒకామె నిలబడి తమిళంలో గీచి గీచి బేరమాడుతూ ఉంటుంది. మా నాయన తూకం మీద నుంచి కళ్ళెత్తకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా, మా చిన్నాయనతో తెలుగులో అనేవాడు: "ఈయమ్మ యాడికీ పోదు. ఎండన పడి వచ్చిండాది. పావలా దించు, చాలు." ఆమెకు అది ఏదో ఇంటి సంగతి. పావలా దిగేది, బెల్లం అమ్ముడుపోయేది, ఆమె గెలిచినట్టు నవ్వుకుంటూ వెళ్ళేది. తెలుగు మాకు ధర మాట్లాడుకునే గది. దానికి తలుపులు లేకపోయినా బయటివాళ్ళెవరూ లోపలికి రాలేరని మా ధీమా. నేను ఆ గదిలోనే పెరిగాను.

డెబ్భైల్లో కొట్టు మా అన్న చేతికి పోయాక, నేను బీచికి రెండు వీధుల ఇవతల ఉన్న ఒక పాత హోటల్లో సరుకుల కొనుగోలుకి చేరాను. మా ముదలాళి, అంటే యజమాని, తమిళాయన. చేతిలో డబ్బుకన్నా నాలుక మీద రుచి ఎక్కువున్న మనిషి. వంటశాలకు పెద్ద మా మాస్టర్. బాహూరు పక్కన వరి పండించే తెలుగు ఇంట్లో పుట్టి, ఒక ఫ్రెంచి కుటుంబంలో సూపులూ కూరలూ వండడం నేర్చుకున్నవాడు. నన్ను 'శెట్టీ' అనేవాడు, నేను కొనే కూరగాయల్ని మాత్రం 'ఏంది ఈ చెత్త' అనేవాడు. మేమిద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం, రోజూ కలిసే టీ తాగేవాళ్ళం.

ఎనభైలు మొదలైన కొత్తలో ముదలాళి భోజనాల హాలుకు కొత్త సున్నం, కొత్త తెరలు వేయించాడు. ఊళ్ళో పెద్దలందర్నీ పిలిచి ఒక ఆదివారం మధ్యాహ్నం హాలు తెరవాలని ఆయన ఆశ. "ఆఖర్లో మంటతో మండే స్వీటు ఉండాలి," అన్నాడు తమిళంలో. పెళ్ళయిన కొత్తలో భార్యతో కొండ మీద ఒక పాతకాలపు ఇన్‌లో, అంటే దొరల నాటి విడిది హోటల్లో, దాన్ని తిన్నాడట. ఆ ఇన్ ఇప్పుడు మూసేస్తున్నారనీ, సామాన్లు అమ్ముతున్నారనీ విన్నాడు. "నువ్వూ మాస్టరూ పోయి ముందు దాన్ని తినండి. తర్వాత ఆ ట్రాలీ, పెనం, అది చేసే మనిషి, మూడూ పట్టుకురండి. జీతం సంగతి నువ్వే చూసుకో."

ఆ ఆఖరి మాటే నా కొంప ముంచింది. నువ్వే చూసుకో అంటే, తగ్గించుకురా అని నాకు వినపడింది.

సేలం మీదుగా రెండు బస్సులు మారి కొండెక్కాం. మెలికల దోవలో మాస్టర్ కిటికీకి మొహం అతికించుకుని, "శెట్టీ, ఇంత దూరం వచ్చి తినేది యాడన్నా ఉందా? ఏందా స్వీటు?" అన్నాడు.

"పల్చటి మైదా అట్టు. నారింజ రసంలో వేసి, పైన బ్రాందీ పోసి అంటిస్తారంట."

"దోసెకి నిప్పు పెడతారా వీళ్ళు?" అని, ఆ తర్వాత నాలుగు మలుపుల దాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఇన్ నిజంగానే పాతకాలం నాటిది. నడిస్తే మూలిగే చెక్క నేల. గోడన ఒక బోర్డు: భోజనానికి బూట్లు తప్పనిసరి, రేడియోలు నిషిద్ధం. మాస్టర్ చెప్పులు చూసుకుని టేబుల్ కిందకి కాళ్ళు దాచుకున్నాడు. ఉన్న అతిథులు ఆరేడుగురు, అందరూ ముసలివాళ్ళు. సూపు, చేప, కోడి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి, ఎవరికీ తొందర లేకుండా వచ్చాయి. చివర్న ఎవరో తెరలు లాగారు. మిట్టమధ్యాహ్నం హాలు చీకటైంది. చక్రాల చప్పుడుతో ట్రాలీ వచ్చింది. దాని వెనక తెల్ల కోటు, తెల్ల గ్లవ్సుల్లో బట్లర్. అరవై దాటిన మనిషి, సన్నగా, కొలిచి నిలబెట్టినట్టు ఉన్నాడు.

స్పిరిట్ స్టవ్ మీద రాగి పెనం. వెన్న, చక్కెర, నారింజ రసం. మడిచిన అట్లు ఒక్కొక్కటే అందులోకి జారాయి. ఆ వాసనకి పక్క టేబుల్ ముసలామె కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు. నేను గరిటెలోకి వంగుతున్న బ్రాందీ సీసాని చూస్తూ మాస్టర్ చెవిలో చెప్తున్నాను: "గరిటెకి నాలుగు రూపాయలు. ఆరు టేబుళ్ళంటే ఇరవై నాలుగు. అంతా గాల్లోకి!" మాస్టర్ నా మాట వినడానికి తల ఇటు తిప్పాడు. ఆ తిప్పిన క్షణంలో బట్లర్ చేతులు ఏదో చేశాయి. మేం మళ్ళీ అటు చూసేసరికి నీలం మంట పెనం అంచు పట్టుకుని పరుగెత్తుతోంది. అందరూ "ఆ" అన్నారు. నేను "నాలుగు రూపాయలు" అన్నాను. ప్లేటులో పెట్టింది తిన్నాను కూడా, కానీ రుచి అడిగితే ఇవాళ్టికీ చెప్పలేను.

భోజనమయ్యాక మేనేజరు గదిలో బేరం. ట్రాలీ, స్టవ్, పెనం, గరిటె మొత్తానికి ఆయన చెప్పిన ధరలో సగానికి లాక్కొచ్చాను. మూసేసే ఇంట్లో సామాను కొనేవాడికి అది పెద్ద ఘనకార్యమేమీ కాదు. తర్వాత బట్లర్ని పిలిపించారు. ముప్పై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేశాడట. నెలాఖరుకి క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి, భార్యకు మోకాళ్ళ నొప్పులు, ఇద్దరికీ తల దాచుకునే చోటు చూసుకోవాలి. ఇవన్నీ మేనేజరే మాకు ఇంగ్లీషులో చెప్పాడు, ఆయన ఎదుటే. బట్లర్ నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తమిళంలో తన మాట చెప్పాడు: నెలకు ఆరు వందలు, మొగుడూ పెళ్ళాలకు ఒక గది.

నేను మొహం మార్చలేదు. మా నాయన తూకం మీద నుంచి కళ్ళెత్తనట్టే, బల్ల మీదున్న గరిటెని తిప్పి చూస్తూ, మాస్టర్‌తో తెలుగులో అన్నాను.

"ముసలాయన. ఎన్నేళ్ళు లాగుతాడో ఏమో. సగం చెప్దాం."

"శెట్టీ, పనోడయ్యా. చెయ్యి చూసినావా, వణుకే లేదు," అన్నాడు మాస్టర్.

"చూసినాలే. నెలాఖరుకి బయట నిలబడాల. పెళ్ళానికి మోకాళ్ళు. యాడికి పోతాడు?"

ఆ తర్వాత తల ఎత్తి, తమిళంలో, చాలా మర్యాదగా, "మూడు వందలు, అయ్యా. గది సంగతి వచ్చాక చూద్దాం" అన్నాను.

బట్లర్ నా వైపు చూశాడు. కోపం లేదు. భోజనం ముగిసిందని గ్రహించి ప్లేటు తీసేటప్పుడు చూస్తారే, అలా చూశాడు. "ఆలోచించుకుని చెప్తాను సార్" అని వెళ్ళిపోయాడు. మరునాడు పొద్దున, రావడం కుదరదని మేనేజరుతో కబురు పంపాడు. మాస్టర్ గొణిగాడు. నేను, "పోనీలే, పెనం వచ్చింది గదా. అట్లు పొయ్యడం నీకు రాదా?" అని ఆయన పౌరుషం మీద చెయ్యేశాను.

బస్సు దగ్గరికి పెనం తెచ్చిచ్చింది మాత్రం బట్లరే. మాస్టర్ బస్సు మీదకెక్కి ట్రాలీకి తాళ్ళు కట్టిస్తున్నాడు. బట్లర్ పెనాన్ని తోమి తళతళలాడించి, పాత టేబుల్‌క్లాతులో చుట్టి, నా చేతుల్లో పెట్టాడు. పెట్టి, చక్కటి తెలుగులో, "జాగ్రత్త నాయనా, సొట్ట పడనీబాకండి" అన్నాడు.

ఆ తర్వాత ఇంకో రెండు మూడు మాటలు చెప్పాడు. గరిటె చేతిలోకి తీసుకుని ఏదో చూపించాడు కూడా. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. నా చెవుల్లో నా మాటలే మోగుతున్నాయి. ముసలాయన. సగం చెప్దాం. పెళ్ళానికి మోకాళ్ళు. యాడికి పోతాడు. మా తాతల కాలం నుంచి ఎవరూ రాలేని ఆ గదిలో ఈయన మొదటినుంచీ కూచునే ఉన్నాడు. బస్సు కదిలింది. ఆయన నమస్కారం పెట్టాడు. నాకు చేతులు ఖాళీ లేవు.

సిగ్గు ఎంతసేపుంటుంది? సేలం వచ్చేసరికి సగం ధర గుర్తొచ్చి పెనం నిమరడం మొదలుపెట్టాను. మాస్టర్‌కి ఈ సంగతి చెప్పలేదు.

హాలు తెరిచే ఆదివారానికి ముందు మాస్టర్ రెండుసార్లు నా దగ్గరికొచ్చాడు. "ఒక తూరి చేసి చూద్దాం శెట్టీ. ఒక సీసా ఇయ్యి."

"చూడ్డానికి తగలెయ్యాలంటే అదేమన్నా కిరసనాయిలా? ఆ రోజే చేద్దువులే. కళ్ళారా చూసినావు గదా."

"యాడ చూసినా? నువ్వు చెవిలో లెక్కలు జెప్తా ఉంటివి!"

నేను సీసా ఇవ్వలేదు.

ఆదివారం వచ్చింది. హాలు నిండా మనుషులు. ముదలాళి పట్టు పంచెలో ఒక్కో టేబుల్ దగ్గరా ఆగి, ఆఖర్లో ఒక వింత ఉందని ఊరిస్తున్నాడు. తెరలు లాగారు. మాస్టర్ తెల్ల కోటు గుండీలు పెట్టుకుని ట్రాలీ తోసుకొచ్చాడు. వెన్న కరిగింది, నారింజ పొంగింది, అట్లు జారాయి. అంతవరకూ ఆయన చెయ్యీ రాజా చెయ్యే. సీసాలోంచి గరిటెడు బ్రాందీ పోసి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల ఆరిపోయింది. ఇంకో పుల్ల. ఇంకో గరిటె. మూడో పుల్ల. నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఆపమని చెప్పాలని ఎవరికీ తోచలేదు. చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టర్ పక్కనే నిలబడ్డ నా వైపు వంగి, "బస్సుకాడ ముసలాయన గరిటె పట్టుకొని నీకేదో జెప్తా ఉన్నాడే, ఏంది అది?" అని పళ్ళ మధ్య నుంచి అడిగాడు.

నేను ఇంకో అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను.

మాస్టర్ స్టవ్ పెద్దది చేసి, ఇక సీసానే వంచాడు. భగ్గుమంది. అది నీలం మంట కాదు, పసుప్పచ్చటి మంట, మనిషెత్తు లేచింది. పైన అలంకరణకు కట్టిన కాగితం తోరణం అంటుకుంది. ముదలాళి టేబుల్‌క్లాతు లాగి మంట మీద వేశాడు, ప్లేట్లు నాలుగు పగిలాయి. నిమిషంలో అంతా ఆరిపోయింది. తెరలు తీశాక చూస్తే మాస్టర్ కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా పొంగి ఉంది. అతిథులకు ఐస్‌క్రీము పెట్టి పంపించాం.

ఆసుపత్రిలో చేతికి గుడ్డ చుడుతుంటే మాస్టర్ అన్నాడు: "దోసెకి నిప్పు పెట్టమంటే నా చేతికి పెట్టిస్తివే శెట్టీ." నవ్వుతూనే అన్నాడు. అప్పుడు బస్సు దగ్గర జరిగింది చెప్పాను. మాస్టర్ నవ్వు ఆగిపోయింది. "మనం మాట్లాడిందంతా విన్నాడా?" అన్నాడు. మనం అన్నాడు. నన్ను ఒక్కణ్ణి చెయ్యలేదు.

సంగతంతా విని ముదలాళి తిట్టలేదు. "నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. పో. ఆ బట్లర్ ఏమడిగితే అదివ్వు," అన్నాడు.

ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను. ఇన్‌లో తెరలు లేవు, గోడన బోర్డు లేదు. హాల్లో ఒక్క టేబులూ రెండు కుర్చీలూ మిగిలాయి. బట్లర్ కోటు లేకుండా, బనీను మీద తువ్వాలుతో, గిన్నెలు చెక్కపెట్టెలో సర్దుతున్నాడు. నేను దారిపొడుగునా కూర్చుకున్న మాటలు మొదలుపెట్టకముందే, "పెనం బాగుండాదా?" అని అడిగాడు.

జరిగింది చెప్పాను. మాస్టర్ చెయ్యి దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళు చిట్లించాడు.

"గరిటె కాచలేదా? చెప్పినా గదా."

"వినలేదు."

"ఎదురుగానే నిలబడుంటిరే!"

"మీరు తెలుగు మాట్లాడారు. దాంతో నాకింకేమీ వినపడలేదు."

ఆయన నవ్వాడు. అది నేను చూసిన మొదటి నవ్వు. "నెల్లూరు పక్క మాది. మిషన్ బళ్ళో అయిదు దాకా చదివినా. ఇక్కడ దొరలు, తమిళం. తెలుగు చెవిన పడి ఎన్నేళ్ళయిందో. ఆ దినం మీరిద్దరూ మాట్లాడుకుంటా వస్తా ఉంటే ప్రాణం లేచొచ్చింది నాకు. రేపట్నించి పాండిచ్చేరిలో నాతో మాట్లాడేదానికి మనుషులుండారని." అంతవరకు చెప్పి, ఒక గిన్నె తీసి పెట్టెలో పెట్టాడు.

"ఆరు వందలు," అన్నాను. "పైన ఇంకో యాభై. మీ ఇద్దరికీ గది, కింది అంతస్తులోనే. మెట్లెక్కే పని లేదు."

"ఈ కొండ మీదనే పిల్లల బడి ఉండాది. హాస్టల్ వంటశాల చూసుకోమన్నారు. ఒప్పుకున్నా."

"ఎంతిస్తారు?"

"అది అడగబాకండి."

ఏడు వందలన్నాను. ఏడున్నర అన్నాను. ఆయన చెక్కపెట్టె మూత సరిగ్గా పడుతుందో లేదో చూస్తున్నాడు. ఎదుటివాడు ధరే చెప్పకపోతే ఏం చెయ్యాలో మా నాయన నాకు నేర్పలేదు.

"భోంచేశారా?" అన్నాడు ఆయన. "కూచోండి."

ఒక మామూలు ఇనప పెనం తెచ్చాడు. కిరసనాయిలు స్టవ్. మిగిలిన వెన్న, ఇంటి వెనక చెట్టు నారింజ. పట్టపగలు, తెరలు లేని కిటికీల్లోంచి ఎండ టేబుల్ మీద పడుతోంది. ఈసారి నేను గరిటెని చూశాను. బ్రాందీ పోసిన గరిటెని ఆయన మంటకు కాస్త ఎడంగా పట్టుకుని, చంటిబిడ్డకి పాలు కాచినట్టు ఓపిగ్గా కాచాడు. అంచున చిన్న పొగ తేలింది. "ఇదే. ఇది లేచిందాకా తొందరపడకూడదు," అని గరిటె కొద్దిగా వంచాడు. మంట తనంతట తానే వచ్చి దాన్ని అందుకుంది. ఎండలో అది సరిగ్గా కనపడనైనా కనపడలేదు, అట్ల మీద గాలి వణికినట్టు ఉంది, అంతే.

నోట్లో పెట్టుకున్నాను. అంచు కరకర, లోపల మెత్తన. మొదట తీపి, వెంటనే నారింజ తొక్క చేదు, ఆ చేదు మీదుగా పొగ లాంటి వెచ్చదనం గొంతులోకి దిగింది. ఆ నాలుగు రూపాయలు గాల్లోకి పోలేదు, ఇక్కడే ఉన్నాయి. మొదటిసారి ప్లేటులో ఇదే పెట్టాడు నాకు. ప్లేటు తుడిచినట్టు తిన్నాను. ఆయన ఎదుటి కుర్చీలో కూచుని నేను తినడం చూశాడు, ముప్పై ఏళ్ళలో ఆ హాల్లో ఆయన కూచోవడం బహుశా అదే మొదలు.

డబ్బు తియ్యబోతే, "ఉండండి, బిల్లు పుస్తకంలో ఇంకొక్క కాగితముండాది. లెక్కకి సరిపోవాల," అని లోపలికి వెళ్ళి రాసుకొచ్చాడు. చెల్లించాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగొచ్చాను.

ఇంగ్లీషు బిల్లు కింద గుండ్రటి అక్షరాలతో ఒక వరుస తెలుగు ఉందని బస్సులో చూశాను. నాకు చదవడం రాదు. మాస్టర్‌కీ రాదు. రెడ్డియార్‌పాళయంలో తెలుగు చదివే పంతులుగారున్నారంటే ఆ వీధి దాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా వెనక్కొచ్చాను. అందులో ఏముందో ఇంకొకరి నోట వినే ధైర్యం లేదు. చివరికి పెద్ద బాలశిక్ష తెప్పించుకుని, మధ్యాహ్నాలు స్టోర్ రూములో బియ్యం బస్తాల మీద కూచుని దిద్దడం మొదలుపెట్టాను. కొత్త చర్మం వచ్చిన చేత్తో మాస్టర్ గరిటె కాచి ప్రతి ఆదివారం నీలం మంట లేపుతున్నాడు. నా వైపు తొంగిచూసి, "ఏంది శెట్టీ, పిల్లలు బడికి పోతా ఉంటే నువ్వు ఇక్కడ అ ఆ లా?" అనేవాడు. నేనెందుకు దిద్దుతున్నానో ఆయనకు తెలుసు.

ఒత్తులు పట్టుబడేసరికి అయిదు నెలలు. మీరు చదువుతున్న ఈ తెలుగు అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది, ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

ఆరెంజి పాన్‌కేక్ ఒక ప్లేటు, ఆరు రూపాయలు. బ్రాందీ ఒక గరిటె, నాలుగు రూపాయలు. మొత్తం పది. ముట్టినది.

కింద, తెలుగులో: "ఆ మూడు వందలకే వచ్చుందును సార్. యాడికి పోతాడు అనకుండా అడిగుంటే."